నల్లకుంట వైపు పెద్ద ఫ్లాట్‌లో వారం పది రోజులు: తీసుకునే ముందు, దిగిన తరువాత

హైదరాబాదుకు కుటుంబమంతా కలిసి వచ్చి వారం పది రోజులు ఉండవలసి వచ్చినప్పుడు మనవాళ్లలో ఎక్కువమంది మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ వైపే ఇల్లు వెతుకుతారు. కొత్త భవనాలు అక్కడున్నాయి, ఫోటోలలో కళకళలాడే హాళ్లు అక్కడున్నాయి కాబట్టి ఆ వెతుకులాటను తప్పుపట్టడానికి లేదు. అయితే పెద్దవాళ్లు, పసివాళ్లు, వాళ్లకు వండిపెట్టేవాళ్లు అందరూ కలిసి ఎనిమిది పదిమంది ఒకే ఇంట్లో ఉండాలనుకుంటే మాత్రం నల్లకుంట, బర్కత్‌పుర, నారాయణగూడ, చిక్కడపల్లి, బాగ్‌లింగంపల్లి, విద్యానగర్ పేటలను ముందు చూడమని చెబుతాను. ఊరు చూడడానికి వచ్చేవారి జాబితాల్లో ఈ పేర్లు దాదాపుగా కనిపించవు. మా కుటుంబం మాత్రం గత పన్నెండేళ్లలో పెళ్లిళ్లకు, వేసవి సెలవులకు, ఒకసారి మా అత్తగారి కంటి ఆపరేషన్‌కు ఈ పేటలలోనే ఏడు వేర్వేరు ఫ్లాట్లలో దిగింది. అందులో అయిదు సుఖంగా గడిచాయి, రెండు ఇబ్బంది పెట్టాయి.

ఇబ్బంది పడ్డ ఆ రెండు సార్లూ మేము చేసిన పొరపాటు ఒకటే. ఫ్లాట్‌ను హోటల్ గది చూసినట్టు చూశాము: పరుపులు బాగున్నాయా, ఏసీ ఉందా, హాలు పెద్దదేనా అని. నిజానికి ఫ్లాట్ తీసుకోవడమంటే ఎనిమిది రోజుల పాటు కాపురం పెట్టడం. కాపురానికి ముందు కావలసినవి నీళ్లు, పొయ్యి, పాలు, కూరగాయలు, చెత్త తీసుకుపోయే బండి, కింద పిలిస్తే పలికే మనిషి. ఈ లెక్కన చూడడం మొదలుపెట్టిన తరువాతే ఏ ఇల్లు మంచిదో, ఏ పేట మంచిదో మాకు తెలిసింది.

ఈ పేటలలో నేను చూసిన అపార్ట్‌మెంట్లు చాలావరకు పాత సొంత ఇళ్ల స్థలాల్లో ముప్ఫై నలభై ఏళ్ల కిందట లేచినవి. ఒక్కో అంతస్తుకు రెండు, మహా అయితే నాలుగు ఫ్లాట్లు ఉంటాయి. మూడు పడక గదుల ఫ్లాటంటే మంచం వేశాక పక్కన మరో ఇద్దరు చాప పరచుకుని పడుకోగలిగినంత గదులు, భోజనాల బల్ల పట్టే హాలు, ముందొకటి వెనకొకటి బాల్కనీలు, వంటింటి వెనక గిన్నెలు తోముకునే చోటు, చిన్నదైనా వేరే పూజ గది ఉంటాయి. కొత్త టవర్లలో అవే మూడు పడక గదులు అని రాసినా, మంచం వేశాక బీరువా తలుపు తెరవడం కష్టమైన గదులు నేను చూశాను. గేటు దగ్గర ఈత కొలను, జిమ్ము ఇక్కడ దొరకవు. పెళ్లికి వచ్చినవారికి వాటి అవసరం ఎంత ఉంటుందో ఎవరికి వారు ఆలోచించుకోవచ్చు.

రాకపోకల సంగతి ఇంకా బాగుంటుంది. ఆంధ్ర నుంచి, తెలంగాణ జిల్లాల నుంచి వచ్చే బస్సులు దింపే మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోనే మెట్రో ఎక్కితే మొదటిది సుల్తాన్ బజార్, రెండోది నారాయణగూడ, మూడోది చిక్కడపల్లి, నాలుగోది ఆర్టీసీ క్రాస్ రోడ్స్. 2020 ఫిబ్రవరిలో ఈ మార్గం మొదలైనప్పటి నుంచి బస్సు దిగి పెట్టెలతో ఆటోవాళ్లతో బేరాలాడే అవస్థ మాకు తప్పింది. కర్నూలు, మహబూబ్‌నగర్, తిరుపతి వైపు రైళ్లకు 1916 నాటి కాచిగూడ స్టేషన్ బర్కత్‌పురకు పక్కనే ఉంది. సికింద్రాబాద్ స్టేషన్ కూడా దూరం కాదు. అయితే టికెట్ తీసుకునేటప్పుడు రైలు చివరి స్టేషన్ ఏదో ఒకసారి సరిచూసుకోవాలి. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ ప్రారంభమయ్యాక కొన్ని రైళ్లు అక్కడికే వస్తున్నాయి, అక్కడి నుంచి అర్ధరాత్రి పిల్లలతో నల్లకుంట చేరడం సులభం కాదు.

ముందుగా నీళ్లు

ఫ్లాట్ గురించి ఒకే ఒక్క ప్రశ్న అడిగే వీలుంటే నేను నీళ్ల గురించే అడుగుతాను. నగరంలో చాలా ప్రాంతాల్లో నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లు కూడా కలిసి వస్తున్నా ఈ పేటల్లో పాతవాళ్లు వాటిని ఇప్పటికీ మంజీరా నీళ్లనే అంటారు. ఆ నీళ్లు కింద నేలలో కట్టిన సంపు తొట్టిలో పడతాయి. వాచ్‌మన్ మోటారు వేస్తే పైట్యాంకుకు ఎక్కుతాయి. సరిపోనప్పుడు బోరు నీళ్లు కలుపుతారు, బోరు ఎండితే టాంకరు పిలిపిస్తారు. నల్లా, బోరు, టాంకరు ఈ మూడింటిలో ఏది ఎంత నమ్మకమో తెలియకుండా పదిమందిని తీసుకుని దిగకూడదు.

ఒక వేసవిలో మా మరిది కూతురి పెళ్లికి పదకొండు మందిమి ఒక ఫ్లాట్‌లో దిగాము. హాలు చూసి అందరం సంతోషించాము. రెండో రోజు, తెల్లవారితే స్నాతకం అనగా రాత్రి తొమ్మిదింటికి కొళాయిలో గాలి తప్ప ఏమీ రాలేదు. ఇంటి యజమానికి ఫోన్ చేస్తే, నీళ్లకు లోటే ఉండదని రెండుసార్లు హామీ ఇచ్చిన మనిషి ఫోన్ ఎత్తలేదు. నేను కిందికి దిగితే వాచ్‌మన్ భార్య సెల్లార్‌లో ఉన్న సంపు మూత జరిపి, గోడకు ఆనించిన పొడవాటి వెదురు కర్ర తీసి నిలువుగా ముంచి పైకి లాగింది. కర్ర కొసన జానెడు మేర మాత్రమే తడిసింది. ఆ తడిని వేలితో చూపిస్తూ, "గింతే ఉన్నయమ్మా, రేపు పొద్దుగాల నల్లా వస్తది, అప్పటిదాంక ఏం జేస్తం" అన్నది. ఆవిడే తన ఇంట్లో నింపిపెట్టుకున్న రెండు డ్రమ్ముల్లో ఒకటి మాకు ఇచ్చింది. పెళ్లికొడుకు తరఫువాళ్లు రాకముందే పదకొండు మంది ఒక్కొక్క బకెట్‌తో స్నానాలు ముగించుకున్నాము. ఆ రోజు నుంచి ఏ ఫ్లాట్‌కు వెళ్లినా నేను ముందు చూసేది సంపునే, ఆ తరువాతే హాలును.

లెక్క కష్టమైనది కాదు. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు కావాలని ప్రభుత్వ ప్రమాణం. పదిమందికి 1,350 లీటర్లు, బట్టలు ఉతికే రోజున ఇంకా ఎక్కువ. అంటే రోజు విడిచి రోజు వచ్చే నల్లా మీదే ఆధారపడితే రెండు రోజులకు మీ ఒక్క ఫ్లాట్‌కే 2,700 లీటర్లు కావాలి, అదే ట్యాంకు మీద మిగతా ఫ్లాట్లవాళ్లూ బతకాలి. కాబట్టి అడగవలసిన ప్రశ్నలు ఇవి: నల్లా ఏ రోజుల్లో, ఏ వేళకు వస్తుంది, బోరు పనిచేస్తోందా, కిందటి వేసవిలో టాంకరు ఎన్నిసార్లు పిలిపించారు, ఆ ఖర్చు ఎవరు పెట్టుకున్నారు, పైట్యాంకు అందరికీ ఉమ్మడిదా, ఫ్లాట్‌కొకటా. "నీళ్లకు ఇబ్బందేమీ ఉండదండీ" అనే సమాధానాన్ని సమాధానంగా లెక్కపెట్టకండి. "సోమ, బుధ, శుక్రవారాల్లో తెల్లవారుజామున అయిదింటికి వస్తాయి" అని చెప్పగలిగిన యజమాని దగ్గర ఇల్లు తీసుకోండి. తాగడానికి మాత్రం ఇరవై లీటర్ల క్యాన్లు రెండు దిగిన రోజే తెప్పించుకోవడం మంచిది. ఏ వీధిలోనైనా వేసేవాళ్లు ఉంటారు, వాచ్‌మన్‌ను అడిగితే నంబరు ఇస్తాడు.

ఫోటోలో కనిపించనివి

విస్తీర్ణం విషయంలో ప్రకటనలో రాసే అంకెను యథాతథంగా నమ్మవద్దు. 1,600 చదరపు అడుగులు అని రాస్తే అందులో గోడల మందం, మెట్లు, లిఫ్టు, వరండాల వాటా కూడా కలిసి ఉంటుంది. కాలు పెట్టి నడిచే స్థలం దానికన్నా బాగా తక్కువ. అందుకే నేను అంకె అడగడం మానేసి, హాలులో ఎంతమంది వరసగా కూర్చుని విస్తరి వేసుకుని భోజనం చేయగలరని అడుగుతున్నాను. ఇల్లు తెలిసినవాళ్లు వెంటనే చెప్పగలుగుతారు.

ఏ అంతస్తు అన్నది ముఖ్యమే. ఏప్రిల్, మే నెలల్లో చివరి అంతస్తు స్లాబు పగలంతా కాగి రాత్రి పదింటి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది, ఏసీ ఉన్న గదిలో తప్ప మరెక్కడా కూర్చోలేము. మొదటి అంతస్తులో రోడ్డు చప్పుడు, దోమలు. రెండు, మూడు అంతస్తులు ఉత్తమం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఉంటే లిఫ్టు ఉందా అని మాత్రమే అడిగి ఊరుకోకూడదు. కరెంటు పోయినప్పుడు లిఫ్టు నడిపే జనరేటరు ఉందా, గేటు నుంచి లిఫ్టు దాకా ఎన్ని మెట్లు ఎక్కాలి అని కూడా అడగాలి. పాత అపార్ట్‌మెంట్లలో సెల్లార్ మీద కట్టిన మొదటి ఎత్తుకే ఏడెనిమిది మెట్లు ఉండడం మామూలు. ఒక్కటైనా ఇండియన్ టాయిలెట్ ఉందా, వెస్ట్రన్ టాయిలెట్ పక్కన పట్టుకోవడానికి కడ్డీ ఉందా అన్నవి అడగడానికి మొహమాటపడవలసిన ప్రశ్నలు కావు.

ఈ ప్రాంతానికి ప్రత్యేకించి ఒక జాగ్రత్త చెప్పాలి. హుస్సేన్ సాగర్ మిగులు నీరు తీసుకుపోయే నాలా అశోక్ నగర్, బాగ్‌లింగంపల్లి, నల్లకుంటల మీదుగా సాగి మూసీలో కలుస్తుంది. పెద్ద వాన కురిసినప్పుడు ఆ నాలా ఒడ్డున ఉన్న పల్లపు వీధుల్లోకి నీళ్లు ఎక్కుతాయి. 2020 అక్టోబర్ వానలు చూసినవాళ్లకు ఇది వివరించనక్కరలేదు. జూన్ నుంచి అక్టోబర్ దాకా వచ్చేవారు ఇల్లు నాలాకు ఎంత దూరమో మ్యాప్‌లో చూసుకోవాలి. సొంత కారులో వస్తున్నట్లయితే సెల్లార్ గోడ మీద పాత నీటి మరక ఉందేమో వీడియోలో చూపించమనాలి. కారు విషయంలో మరొక మాట: ఇక్కడి సందుల్లో, స్తంభాల మధ్య పార్కింగ్ గళ్లలో పెద్ద కారు తిప్పడం కష్టం. మీకు కేటాయించిన గడి ఏదో, అందులో మీ కారు పడుతుందో లేదో ముందే తేల్చుకోండి.

వంటింట్లో చూడవలసినవి కొన్నే. సిలిండరు ఒకటి వాడుకలో, ఒకటి నిండుగా పక్కన ఉండాలి; పదిమందికి వండే ఇంట్లో 14.2 కిలోల సిలిండరు ఎప్పుడు అయిపోతుందో చెప్పలేము. రబ్బరు గొట్టం మీద గడువు తేదీ ముద్రించి ఉంటుంది, అది దాటిపోయి ఉంటే మార్పించమనండి. అయిదు లీటర్ల కుక్కరు, పెద్ద అన్నం గిన్నె, మిక్సీ, గ్రైండరు అవసరమైతే గ్రైండరు ఉన్నాయా అని పేరుపేరునా అడగాలి. వంట సామాను అంతా ఉందని చెప్పిన ఒక ఇంట్లో మాకు నాలుగు కప్పులు, ఒక పెనం, ఒక గరిటె దొరికాయి.

స్నానాల గదిలో గీజరు కరెంటుదా గ్యాసుదా అన్నది తప్పక అడగండి. గ్యాస్ గీజరును కిటికీ లేని స్నానాల గదిలోపల బిగించి ఉంటే ఆ ఇల్లు వదులుకోండి, ఎంత తక్కువకు వచ్చినా సరే. తలుపు మూసుకుని స్నానం చేస్తున్నప్పుడు అది వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషి పడిపోయేదాకా తెలియదు. పిల్లలున్నవాళ్లు బాల్కనీ గ్రిల్లు కూడా చూడాలి. పాత ఇళ్లలో పిట్టగోడ ఎత్తు తక్కువగా ఉండి, పైన గ్రిల్లు లేకుండా ఉండడం నేను రెండు చోట్ల చూశాను.

మాట్లాడుకునే పద్ధతి

అడ్వాన్సు పంపే ముందు వీడియో కాల్ అడగండి, అది కూడా హాలులో మొదలయ్యే వీడియో కాదు. వీధి చివర నుంచి మొదలుపెట్టి, గేటు, అపార్ట్‌మెంట్ పేరు రాసిన పలక, లిఫ్టు, తలుపు, లోపల ప్రతి గది, ప్రతి కొళాయి తిప్పి చూపించమనండి. అయిదు నిమిషాల పని ఇది. ఇల్లు నిజంగా తన చేతిలో ఉన్నవాడు చూపిస్తాడు. వేరెవరి ఇంటి ఫోటోలు పెట్టి డబ్బు గుంజేవాడు ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకుంటాడు. "ఇంకో పార్టీ వెయిటింగ్‌లో ఉంది, పావుగంటలో డబ్బు వేయండి" అనే తొందర వినిపిస్తే అక్కడితో ఫోన్ పెట్టేయడం మేలు.

రెండో విషయం అపార్ట్‌మెంట్ అసోసియేషన్. రోజుల లెక్కన అద్దెకు ఇవ్వడానికి చాలా అసోసియేషన్లు ఒప్పుకోవు. యజమాని వాళ్లకు చెప్పకుండా ఇస్తే గేటు దగ్గర నిలబడి సమాధానం చెప్పుకోవలసింది మనం. ఒకసారి రాత్రి పదకొండింటికి మా నాన్నగారిని కుర్చీలో కూర్చోబెట్టి, అసోసియేషన్ సెక్రటరీ గారు కిందికి దిగి వచ్చేదాకా ముప్పావు గంట కాచుకున్నాము. ఆయన తప్పు ఏమీ లేదు, ఆయనకు చెప్పినవాళ్లే లేరు. అప్పటి నుంచి "మేము ఎవరెవరం, ఎప్పుడు వస్తాము, ఎన్నాళ్లుంటాము అన్నది సెక్రటరీ గారికి, వాచ్‌మన్‌కు ముందే చెప్పండి, చెప్పినట్టు నాకు మెసేజ్ పెట్టండి" అని అడుగుతున్నాను.

గుర్తింపు కార్డులు అడగడం న్యాయమే, ఇవ్వాలి. ఆధార్ ఇవ్వదలచుకుంటే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ దించుకుని ఇవ్వవచ్చు. అమెరికా నుంచో ఆస్ట్రేలియా నుంచో వచ్చిన పిల్లల్లో విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఉంటే, వాళ్లు దిగిన 24 గంటల్లోగా ఇంటి యజమాని ఆ వివరాలు అధికారులకు తెలియజేయాలి. ఈ సంగతి తెలియని యజమానులు ఉన్నారు, కాబట్టి మీరే గుర్తుచేయండి.

మాంసాహారం వండుకోవచ్చా అన్నది కూడా డబ్బు కట్టకముందే తేలిపోవాలి. ఈ పేటలలో శాకాహారులకే ఇస్తామనే యజమానులు కొందరు ఉన్నారు. ఒప్పుకుని దిగి రహస్యంగా వండుకోవడం ఇద్దరికీ అవమానమే. రామ్‌నగర్ చేపల మార్కెట్ ఇంత దగ్గరలో పెట్టుకుని చేపల పులుసు లేకుండా వారం గడపలేని వాళ్లు వేరే ఇల్లు చూసుకోవడమే సరైన పని.

దిగిన రోజు, ఆ తరువాతి రోజులు

వీలైతే పగటిపూట దిగండి. తాళం తీసిన వెంటనే సామాను విప్పకుండా ప్రతి స్విచ్చి వేసి, ప్రతి ఫ్లష్ లాగి, గోడల మీద పాత గీతలు, పగిలిన అద్దం, కాలిన పొయ్యి గట్టు ఉంటే ఫోటో తీసి యజమానికి ఆ గంటలోనే పంపండి. వెళ్లేటప్పుడు డిపాజిట్‌లో కోతలు పడకుండా కాపాడేది ఆ ఫోటోలే. కరెంటు ఫిర్యాదులకు 1912, నల్లా నీళ్ల ఫిర్యాదులకు 155313 అని ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించుకోండి.

తరువాత కిందికి దిగి వాచ్‌మన్ కుటుంబాన్ని పలకరించండి. ఈ అపార్ట్‌మెంట్లలో అసలు ఇల్లు నడిపేది వాళ్లే. మోటారు ఎప్పుడు వేస్తారో, చెత్త ఆటో ఎన్నింటికి వస్తుందో, పాల పాకెట్లు ఎవరు వేస్తారో, గిన్నెలు తోమడానికి ఎవరైనా దొరుకుతారో వాళ్లను మించి చెప్పగలిగినవాళ్లు లేరు. తడి చెత్త, పొడి చెత్త విడివిడిగా రెండు సంచుల్లో పెట్టి ఇవ్వండి. మన పెళ్లి భోజనాల విస్తళ్లను వాళ్లు మెట్ల మీద ఏరుకునే పరిస్థితి రానివ్వకండి. వెళ్లేటప్పుడు వాళ్ల చేతిలో పెట్టే డబ్బును ఖర్చుల లెక్కలో మొదటి రోజే రాసుకోవడం మా అలవాటు.

భోజనాల విషయంలో హైదరాబాదు ఇచ్చిన గొప్ప సదుపాయం కర్రీ పాయింట్. ఈ పేటల్లో అటూ ఇటూ నాలుగు వీధులు నడిస్తే ఒకటి కనిపిస్తుంది. ఒక టేబులు మీద స్టీలు గిన్నెలు వరసగా, పప్పు, సాంబారు, రసం, రెండు వేపుళ్లు, ఒక ముద్దకూర, రోటి పచ్చడి, పెరుగు ఉంటాయి. అడిగిన కూరను గరిటెతో చిన్న కవర్‌లో పోసి, కవరు మెడను చటుక్కున మెలిపెట్టి దారం నాలుగు చుట్లు తిప్పి తెంపేస్తారు. ఆ చేతివేగం చూస్తూ మా పిల్లలు నిలబడిపోతారు. ఇంట్లో అన్నం మాత్రం వండుకుని, పదిన్నర, పదకొండు మధ్య వెళ్లి కూరలు తెచ్చుకుంటే, వచ్చిన ఆడవాళ్లు మూడు పూటలా వంటింట్లోనే గడపవలసిన అవసరం ఉండదు. సెలవుల పేరుతో ఇంటి ఇల్లాలికి ఇంకో ఊళ్లో అదే చాకిరీ పెట్టడం నాకు ఎప్పుడూ నచ్చదు. ఒంటిగంట దాటాక వెళితే వేపుళ్లు అయిపోతాయి, కాబట్టి ముందే వెళ్లండి. సొంతంగా వండుకునే రోజున నల్లకుంట కూరగాయల మార్కెట్‌కు పొద్దున్నే వెళితే తాజా ఆకుకూరలు దొరుకుతాయి.

మిగతా ఇళ్లవాళ్లు ఇక్కడ స్థిరంగా ఉండేవాళ్లు, చాలామంది పెద్ద వయసువాళ్లు. రాత్రి పది దాటాక హాలులో అంత్యాక్షరి ఆడేవాళ్లు తలుపులు మూసుకుని ఆడుకోవాలి. చెప్పులు మెట్ల మీద కాకుండా లోపల విడవాలి. పక్క ఫ్లాట్ వాళ్లకు మొదటి రోజే నమస్కారం పెట్టి, "ఫలానా పెళ్లికి వచ్చామండీ, ఎనిమిది రోజులుంటాము" అని చెబితే చాలు, అత్యవసరంలో వాళ్లే మొదట తలుపు తీస్తారు.

ఇక్కడి నుంచి ఊరు చూడడం

సాయంత్రాలకు ఈ పేటలలో కావలసినంత ఉంది. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో సంగీతమో, నాటకమో, పుస్తకావిష్కరణో తరచుగా జరుగుతుంటుంది, ఎక్కువ కార్యక్రమాలకు టికెట్ ఉండదు. చిక్కడపల్లి వేంకటేశ్వరస్వామి గుడి, నల్లకుంట శంకర మఠం పెద్దవాళ్లకు పొద్దుటి నడకకు గమ్యాలు. నడవగలిగిన వాళ్లు ఉదయం ఆరింటికే ఉస్మానియా విశ్వవిద్యాలయం వైపు వెళ్లి, 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని ఆ వేళ ఎండలో చూడాలి. గులాబీ రంగు గ్రానైట్ గోడల మీద వెలుగు పడే ఆ అరగంట కోసం నేను ప్రతిసారీ వెళతాను. విద్యానగర్ నుంచి ఎంఎంటీఎస్ అనే లోకల్ రైలులో ఆర్ట్స్ కాలేజీ రెండో స్టేషనే గాని, రైళ్ల మధ్య వ్యవధి ఎక్కువ కాబట్టి వేళలు చూసుకుని బయలుదేరాలి.

పెళ్లి బట్టలకు సుల్తాన్ బజార్ నారాయణగూడ నుంచి ఒకే ఒక్క మెట్రో స్టేషన్ దూరం. అక్కడికి వెళ్లినవాళ్లు 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయాన్ని చూడకుండా రావద్దు. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకు నిలువెత్తు ఆసరాగా నిలిచిన గ్రంథాలయం అది. ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయమైన కోఠి మహిళా కళాశాల ఆవరణలో, 19వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ భవనం కూడా ఆ పక్కనే ఉంది. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియంలకు మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దాకా మెట్రోలో వెళ్లి ఆటో మాట్లాడుకోవచ్చు. మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ శుక్రవారం మూసి ఉంటాయి, జూ పార్కు సోమవారం మూసి ఉంటుంది. హైటెక్ సిటీ వైపు చుట్టాలను చూడాలంటే పరేడ్ గ్రౌండ్ దగ్గర రాయదుర్గం రైలు మారాలి. కారులో వెళ్లి ట్రాఫిక్‌లో ఇరుక్కోవడం కన్నా ఇదే నయం. తెలంగాణ చిరునామాతో గుర్తింపు కార్డు ఉన్న ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో డబ్బు తీసుకోకుండా జీరో టికెట్ ఇస్తారు. ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లు టికెట్ తీసుకోవాలి. కండక్టరుతో వాదన పెట్టుకోవద్దు.

ఎప్పుడు రావాలి అని అడిగితే నేను సంక్రాంతి అంటాను. ఊళ్లకు వెళ్లేవాళ్లు వెళ్లిపోయి రోడ్లు ఖాళీగా ఉంటాయి, చలి హాయిగా ఉంటుంది, జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లిలో జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో రైలు మారి గాంధీభవన్‌లో దిగితే చాలు. అయితే ఆ మూడు రోజులు కర్రీ పాయింట్లవాళ్లు, పనిమనుషులు, కొన్నిచోట్ల వాచ్‌మన్ కుటుంబం కూడా ఊళ్లకు వెళ్లిపోతారు, కాబట్టి పప్పులు, ఉప్పులు, కూరగాయలు ముందే తెచ్చి పెట్టుకోవాలి. అనంత చతుర్దశి నాడు మాత్రం ప్రయాణం పెట్టుకోకండి. నిమజ్జనానికి హుస్సేన్ సాగర్‌కు వెళ్లే వినాయకులు ఎందరో ఆర్టీసీ క్రాస్ రోడ్స్, నారాయణగూడ, హిమాయత్‌నగర్ దారిలో సాగుతారు, తెల్లవారేదాకా ఆ రోడ్ల మీద కారు కదలదు. ఊరేగింపు చూడాలనే వచ్చినవాళ్లకు మాత్రం అంతకన్నా మంచి చోటు ఉండదు.

ఖాళీ చేసే రోజున ఫ్రిజ్‌లో మిగిలిన పాలు, కూరగాయలు కింద వాచ్‌మన్ ఇంట్లో ఇచ్చి, గ్యాస్ రెగ్యులేటరు కట్టేసి, గీజర్ల స్విచ్చులు ఆపి, మొదటి రోజు తీసిన ఫోటోలు పక్కన పెట్టుకుని గది గదీ యజమానికి చూపించి డిపాజిట్ అక్కడే తిరిగి తీసుకోండి. ఆ రోజు నల్లా వచ్చే రోజైతే, తరువాత దిగేవాళ్ల కోసం బకెట్లు నింపి పెట్టి తాళం ఇవ్వండి.